అడ్డపొగ కథ: అంగిలి క్యాన్సర్‌కి అంకె ఎలా వచ్చింది

నేను చేసే పనిలో జబ్బులకి పేర్లుండవు, అంకెలుంటాయి. మస్కట్‌లో అల్ ఖువైర్ అని ఒక పేట ఉంది. ఒకవైపు మంత్రిత్వశాఖల భవనాలు, ఇంకోవైపు సుల్తాన్ ఖాబూస్ రోడ్డు, మధ్యలో మూడునాలుగంతస్తుల తెల్లటి ఇళ్ళు, సందుకో మలయాళీ టీకొట్టు. అక్కడ ఒక రెండో అంతస్తులో కూర్చుని ఆస్పత్రుల బీమా క్లెయిములు చదివే సాఫ్ట్‌వేర్‌కి నియమాలు రాస్తుంటాం మేము. చక్కెర జబ్బంటే ఇ11, రక్తపోటంటే ఐ10. ఇవి రోజుకి వేలల్లో వస్తాయి. ఎడారి దేశాల్లో ఆ రెండూ లేని ఇల్లు లేదు మరి.

కొన్ని అంకెలు మాత్రం ఏడాదికోసారి కూడా కనబడవు. అలాంటి వాటిల్లో ఒకటి సి05.0. గట్టి అంగిలి క్యాన్సర్. నోట్లో పైకప్పు ఉంటుంది చూడండి, నాలుకతో తడిమితే ముందు గట్టిగా, వెనక్కి వెళ్తే మెత్తగా తగులుతుంది, ఆ ముందు భాగం. నోటి క్యాన్సర్లు మన దేశంలో ఎక్కువేగాని, అవి చాలావరకు బుగ్గ లోపల, నాలుక పక్కన, చిగుళ్ళ మీద వస్తాయి. అంగిలి మీద పొలుసుల కణాల క్యాన్సర్ రావడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. ఓ కేరళ అమ్మాయి మా దగ్గర కోడింగ్ చూస్తుంది, పన్నెండేళ్ళ అనుభవం. "ఈ కోడు నేను వేసింది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు" అంది ఓసారి. నేను నవ్వాను. మా విశాఖపట్నం వెళ్ళి చూస్తే వేళ్ళు చాలవు.

ఎందుకు చాలవో చెప్పాలంటే చుట్ట దగ్గర మొదలెట్టాలి.

నిప్పు లోపల, మొదలు బయట

ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పనక్కర్లేదు గాని, మిగతా వాళ్ళకోసం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో, ముఖ్యంగా సముద్రం దగ్గరి ఊళ్ళల్లో, ఆడవాళ్ళు చుట్టని తిరగేసి కాలుస్తారు. అంటించిన కొస నోట్లో ఉంటుంది, అంటించని కొస బయట. పెదవులు గట్టిగా మూసి పొగ పీలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు, అడ్డచుట్ట అనీ అంటారు. మగవాళ్ళలోనూ ఉందిగాని ఆడవాళ్ళదే పైచేయి. మా ఊళ్ళో వరి నాట్లకి వెళ్ళే ముసలమ్మల్లో సగంమంది నోట్లో చుట్ట ఉన్నట్టే తెలిసేది కాదు. మాట్లాడేటప్పుడు ఓ పక్కనుంచి సన్నగా పొగ వస్తే అప్పుడు తెలిసేది.

ఎందుకలా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు. గాలికి ఆరిపోదు. బూడిద చంటిపిల్ల మీద రాలదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఒక చుట్ట పూటంతా వస్తుంది. మగాళ్ళకి కనబడకుండా కాల్చుకోవచ్చు. చాలామంది చెప్పేది మాత్రం "మాయమ్మ అలాగే కాల్చేది" అని. ఇది మన సొంతం కూడా కాదు. గోవాలో ఉంది, ఫిలిప్పీన్స్‌లో ఉంది, ఇటలీ దగ్గర సార్డీనియా ద్వీపంలో ఉండేది, పనామా, కొలంబియా, వెనెజువేలాల్లో ఉంది. కాని ఇంత పెద్ద ప్రాంతంలో ఇంతమంది తరతరాలుగా చేసింది మన తూర్పుతీరంలోనే.

ఆ నిప్పు వేడికీ పొగకీ ఎదురుగా ఉండేది అంగిలి. మొదట అక్కడి చర్మం రంగు మారుతుంది. ఎర్రబడుతుంది, తెల్లటి పొర కడుతుంది, చిన్నచిన్న గుల్లలు లేస్తాయి. కొందరిలో ఏళ్ళ తర్వాత మానని పుండవుతుంది. పాతవాళ్ళు రాచపుండు అనేవారు.

అడిగినవాళ్ళు, రాసినవాళ్ళు

ఈ పుండుకీ ఆ చుట్టకీ సంబంధం ఉందని మొదట కాయితం మీద పెట్టింది మన విశాఖపట్నం డాక్టర్లే. అక్కడ వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆస్పత్రి రెండూ 1923లో మొదలయ్యాయి. 1937లో ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు క్యాన్సర్ సమస్య మీద ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం రాశారు. అంగిలి మీద వచ్చే క్యాన్సర్, తిరగేసి కాల్చే చుట్ట, ఈ రెండూ ఒకేచోట కనబడింది అందులోనే.

ఆ తర్వాత బొంబాయి. టాటా మెమోరియల్ ఆస్పత్రి 1941లో తెరిచారు. అక్కడి పాథాలజిస్టు వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి అనే మరో పరిశోధకురాలితో కలిసి 1945లో అమెరికా పత్రికలో ఒక వ్యాసం వేశారు. భారతదేశంలో అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్ల గురించి. నడుముకి బిగించి కట్టే ధోవతి వల్ల వచ్చేది ఒకటి, మన చుట్ట వల్ల వచ్చేది ఇంకొకటి. 'చుట్టా క్యాన్సర్' అన్న మాట అలా వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది. తెలుగు మాటొకటి ప్రపంచ వైద్యంలో నిలబడింది, కాకపోతే ఇలాంటి దానికి!

1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్ గురించి రాసిన వ్యాసం శీర్షికలోనే, మండే కొస నోట్లో పెట్టుకుని కాల్చడం వల్ల అని చెప్పేశారు. 1974లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పత్రికలో మళ్ళీ అదే విషయం మీద రాశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వీళ్ళకి ఈ సంగతి ఎలా తెలిసింది? సూక్ష్మదర్శినిలో చూస్తే తెలియదు. అంగిలి మీద వచ్చినా బుగ్గలో వచ్చినా ఆ కణాలు ఒకలాగే ఉంటాయి. ఎవరో ఒక డాక్టరు ఒక ముసలమ్మని "చుట్ట ఎలా కాలుస్తావమ్మా?" అని అడిగాడు. ఆవిడ చూపించింది. ఆయన కేస్ షీట్‌లో రాసుకున్నాడు. తర్వాతి ఆవిడనీ అదే అడిగాడు. అంతే. ఈ చరిత్రకంతటికీ మూలం ఆ ప్రశ్న, ఆ రాత.

అంకెల వైపు కథ

సరే, ఇప్పుడు మా వృత్తి సంగతికొద్దాం. చావులకి కారణాల జాబితా ఒకటి అన్ని దేశాలకీ ఒకేలా ఉండాలని పందొమ్మిదో శతాబ్దంలో యూరోపులో మొదలైంది. ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియోన్ 1893లో చికాగోలో జరిగిన సభలో ఒక జాబితా పెట్టాడు. 1900లో పారిస్‌లో దాని మొదటి సవరణ. అప్పట్లో నోటి క్యాన్సర్ అంతటికీ కలిపి ఒకటే అంకె. పెదవి, నాలుక, చిగురు, అంగిలి అన్నీ ఒకే గంపలో.

1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరో సవరణ తెచ్చింది. చావులే కాక రోగాలు కూడా లెక్కపెట్టడం అప్పుడే మొదలు. పెదవికి 140, నాలుకకి 141, లాలాజల గ్రంథులకి 142, నోటి అడుగుకి 143 ఇచ్చారు. అంగిలికి? ఏమీ లేదు. 144, 'నోటిలో మిగతా భాగాలు' అన్న మూటలో పడేశారు. 1957 నాటి ఆ వ్యాసం రాసేటప్పటికి ప్రపంచ జాబితా దృష్టిలో మన ముసలమ్మల జబ్బు 'ఇతరములు'.

1975లో తొమ్మిదో సవరణ వచ్చేసరికి 145.2 అన్న దశాంశం దక్కింది. 145 అంటే ఇంకా 'నోటిలో ఇతర భాగాలే', కాని అందులో గట్టి అంగిలికి 2 అన్న చిన్న గది. 1990లో ఆమోదించిన పదో సవరణలో మొత్తానికి సొంత ఇల్లు వచ్చింది. సి05 అంటే అంగిలి. 0 గట్టిది, 1 మెత్తది, 2 కొండనాలుక, 8 రెండింటి మీదా పాకినది, 9 ఎక్కడో చెప్పనిది. కిని, సుబ్బారావుల వ్యాసం నుంచి లెక్కేస్తే 53 ఏళ్ళు పట్టింది.

క్యాన్సర్ రిజిస్ట్రీల వాళ్ళకి ఇంకో పుస్తకం ఉంది, ఐసీడీ-ఓ అంటారు. మొదటి కూర్పు 1976. అందులో ఎక్కడ వచ్చింది అన్నదానితోపాటు ఏ రకం కణం అన్నదానికీ అంకె ఉంటుంది. పొలుసుల కణాల క్యాన్సర్ 8070/3. గీత తర్వాత 3 అంటే పాకే గుణం ఉన్నదని, 2 అంటే ఇంకా పై పొర దాటలేదని. ఇది ఎందుకు ముఖ్యమంటే, అంగిలిలో చిన్నచిన్న లాలాజల గ్రంథులు కూడా ఉంటాయి. వాటిల్లోనూ క్యాన్సర్ వస్తుంది, 8200/3 అనో 8430/3 అనో. ఎక్కడో స్వీడన్‌లో ఒకాయనకి గ్రంథిలో వచ్చినదానికీ, కళింగపట్నంలో ఒకావిడకి చుట్టతో వచ్చినదానికీ సి05.0 ఒకటే. కారణం వేరు, వైద్యం వేరు, నివారణ మార్గం వేరు. రెండో అంకె లేకపోతే ఇద్దరూ ఒకే వరసలో నిలబడతారు.

ఇంటింటికీ తిరిగిన లెక్క

ఆస్పత్రికి వచ్చినవాళ్ళని చూస్తే సరిపోదని, ఊళ్ళకే వెళ్ళాలని 1960ల్లో ఒక జట్టు బయల్దేరింది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో (అణుశాస్త్రం వాళ్ళది, అవును) ఒక దంత పరిశోధన విభాగం ఉండేది. దాని పెద్ద ఫాలీ మెహతా. ఆయనకి తోడు డెన్మార్క్ నుంచి జెన్స్ పిండ్‌బోర్గ్, నోటి జబ్బుల శాస్త్రంలో అప్పటికి మహామహుడు. 1966 నుంచి 1969 వరకు భావనగర్, దర్భంగా, ఎర్నాకుళం, సింగ్‌భూమ్, శ్రీకాకుళం జిల్లాల్లో 50,915 మంది పల్లెజనం నోళ్ళు తెరిపించి చూశారు.

శ్రీకాకుళం ఫలితాలు చూసి ఆశ్చర్యపోయారో ఏమో, దానికొక్కదానికీ వేరే అధ్యయనం చేశారు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. 10,169 మంది. అందులో నూటికి నలభై పైచిలుకు అడ్డపొగ తాగేవాళ్ళే. అంగిలి మీద కనబడే మార్పులన్నిటినీ, రంగు మారడం దగ్గర్నుంచి పుండు దాకా, రకాలవారీగా పేర్లు పెట్టి రాశారు. ఈ రోజుకీ అంగిలి మీద పొగ ప్రభావం గురించి ఎవరు రాసినా ఆ పదివేల నోళ్ళ దగ్గరికే వెళ్తారు.

తర్వాత అదే సంస్థ ఇంకో అడుగు వేసింది. భావనగర్, ఎర్నాకుళం, శ్రీకాకుళాల్లో 36,471 మంది పొగాకు వాడేవాళ్ళని తీసుకుని, ఏటేటా నోరు చూసి, మానమని నచ్చజెప్పారు. అయిదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. చెప్పినచోట మానినవాళ్ళు పెరిగారు, కొత్తగా వచ్చే మచ్చలు తగ్గాయి. మందూ లేదు, మాకూ లేదు. అడగడం, చూడడం, చెప్పడం, రాసుకోవడం.

అంకెలో పట్టనిది

ఇంతా చేసి ఇవాళ ఒక కేసుని అంకెల్లో పెడితే ఏమవుతుందో చూడండి. ఎక్కడ? సి05.0. ఏ కణం? 8070/3. మెడ గ్రంథులకి పాకిందా? సి77.0. పొగాకు? జెడ్72.0. అమెరికా వాళ్ళ సవరణ ప్రతిలో (దుబాయి, అబూధాబి క్లెయిములు నడిచేది దీనిమీదే) పొగాకుకి ఎఫ్17 కింద ఇంకా వివరం ఉంది. సిగరెట్టుకో గది, నమిలే పొగాకుకో గది. చుట్టకి? 'ఇతర పొగాకు పదార్థము'. మళ్ళీ ఇతరములే!

నిప్పు ఏ వైపు ఉందో చెప్పే అంకె ఈ జాబితాలో లేనేలేదు. ఈ జబ్బుకి అసలు కారణం అదే అయినా సరే. కాబట్టి అది డాక్టరు రాతలో ఉంటేనే ఉంటుంది, లేకపోతే లేదు.

ఇంకో చిక్కు మన భాషది. ఉత్తరాంధ్రలో ఒకావిడ డాక్టరు దగ్గరికెళ్ళి "అంగుట్లో కురుపు బావూ" అంటుంది. ఇంకొకావిడ "కొండనాలిక కాడ" అంటుంది, చూపించేది మాత్రం ముందు పళ్ళ వెనక. కొండనాలుక అంటే పుస్తకం ప్రకారం గొంతులో వేలాడేది, సి05.2. హడావుడిలో ఉన్న హౌస్ సర్జన్ విన్నది విన్నట్టు రాసేస్తే? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మనదే కదా. నోరు తెరిపించి, లైటు వేసి, ఎక్కడుందో ఎన్ని మిల్లీమీటర్లుందో బొమ్మ గీసిన కేస్ షీట్‌ కోడరుకి పండగ. "నోటి క్యాన్సర్" అని రెండు ముక్కలు రాసి సంతకం పెడితే కోడరు చేతిలో మిగిలేది సి06.9, అంటే 'నోట్లో ఎక్కడో'. కోడరు ఊహించి రాయకూడదు. అది మా వృత్తిలో మొదటి నియమం. తెలియకపోతే డాక్టరునే తిరిగి అడగాలి.

అల్ ఖువైర్‌లో ఒక డిశ్చార్జి కాయితం

ఇదంతా పుస్తకాల సంగతి అనుకునేవాణ్ణేమో, ఒక కుర్రాడు తగలకపోతే. అల్ ఖువైర్‌లో ఏసీలు బాగుచేస్తాడు. సోంపేట దగ్గరి పల్లె. శుక్రవారాలు టీకొట్టు దగ్గర కలుస్తుంటాం. నేను ఆస్పత్రి కాయితాల పని చేస్తానని తెలిసి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు.

"అన్నియ్యా, మాయమ్మది. ఆపరేషను అయిపోనాది. పాలసీ వోళ్ళు డబ్బులివ్వమంతన్నారు. ఏటి రాసారో ఓపాలి సూడవా?"

చూశాను. పేరు చెప్పను గాని ఒక ప్రైవేటు ఆస్పత్రి కాయితం. రోగ నిర్ధారణ దగ్గర 'నోటి క్యాన్సర్, పొగతాగే అలవాటు', పక్కన సి06.9. చేసిన ఆపరేషను దగ్గర మాత్రం పై దవడ ఎముక కొంత తీసి, అంగిలి తీసి, ఆ కంతకి ఒక పలక అమర్చినట్టు రాసుంది. (ఆ పలక లేకపోతే తాగిన గంజి ముక్కులోకి వస్తుంది. మాట కూడా అర్థం కాదు.) బీమావాళ్ళ యంత్రానికి ఇది అర్థం కాలేదు. నోట్లో ఎక్కడో క్యాన్సర్ అంటారు, దవడ ఎముక ఎందుకు తీశారు? రెండూ కలవట్లేదు, వివరణ పంపండి అని తిప్పికొట్టారు. ఇలాంటి నియమాలు నేనూ రాస్తాను కాబట్టి చూడగానే తెలిసింది.

బయాప్సీ రిపోర్టు ఉందా అని అడిగితే ఇంట్లో ఉందన్నాడు. వాళ్ళ చెల్లెలు ఫోటో తీసి పంపింది. అందులో చక్కగా ఉంది, గట్టి అంగిలి, కుడివైపు, పొలుసుల కణాల క్యాన్సర్ అని. దాన్ని పట్టుకెళ్ళి డాక్టరుగారిని నిర్ధారణ సరిచేసి రాయమని అడగమన్నాను. పనిలో పని, చుట్ట ఎలా కాల్చేదో కూడా రాయించమన్నాను.

కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు. "అదొద్దన్నియ్యా. సుట్ట సంగతి ఎక్కువ రాస్తే అసలుకే ఎసరొస్తాదంట. మా ఊర్లో అందరూ అదే అంతన్నారు."

నిజం చెప్పాలంటే అతని భయం గాలిలోంచి పుట్టింది కాదు. చెడు అలవాటు దాచారని క్లెయిము కొట్టేసిన సందర్భాలు ఈ వ్యాపారంలో ఉన్నాయి. నేనున్నది కూడా ఆ బల్లకి అవతలి వైపే. వెంటనే జవాబివ్వలేకపోయాను. కాసేపాగి చెప్పాను. పొగతాగుతుందని ఇప్పటికే రాసేసుంది తమ్ముడూ, దాన్ని ఎవరూ చెరపలేరు, చెరపకూడదు కూడా. పాలసీ తీసుకున్నప్పుడు పొగాకు గడిలో మీరు అవునని పెట్టారా లేదా అన్నదే వాళ్ళు చూసేది. పెట్టామన్నాడు. అయితే నిప్పు లోపలో బయటో రాసినందువల్ల డబ్బు దగ్గర కొత్తగా వచ్చే నష్టం నాకు కనబడలేదు. లాభం మాత్రం ఉంది. అది డబ్బులో కాదు.

"మీ ఇంట్లో ఇంకెవరైనా అలా కాలుస్తారా?" అని అడిగాను.

"మా పిన్నమ్మ. ఇద్దరూ ఒకేపాలి నేర్సుకున్నారంట."

చివరికి ఆ ప్రశ్నకి జవాబు ఇచ్చింది వాళ్ళమ్మే. చెల్లెలు వెంట పెట్టుకుని వెళ్ళినప్పుడు డాక్టరుగారు అడిగారట. ఆవిడకి మాట ఇంకా సరిగా రాదు. చేత్తో చూపించి, "నిప్పు లోపలెట్టుకునే కాల్సాను బావూ, దాపరికమేటి" అందట. ఆయన రాశారు, ఏ వయసు నుంచి, రోజుకెన్ని, ఏ వైపు అన్నీ. సి06.9 కొట్టేసి సి05.0 వేశారు. క్లెయిము రెండు నెలలు ఆలస్యమైంది గాని వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి, వెంట వచ్చిన పిన్నమ్మని కూడా నోరు తెరవమన్నారు. అంగుట్లో ఎర్ర మచ్చ, చుట్టూ తెల్ల పొర. ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ కాలేదు. ఆ దశకీ ఒక అంకె ఉంది, కె13.2. అందులో 'పొగతాగేవారి అంగిలి' అని విడిగా పేరు పెట్టే రాశారు పదో సవరణలో. ఆ అంకె దగ్గర ఆగినవాళ్ళు సి05.0 దాకా రాకుండా చూసుకోవచ్చు. ఆవిడ చుట్ట మానిందో లేదో మాత్రం కుర్రాడు నవ్వి ఊరుకుంటాడు. ఆర్నెల్లకోసారి చూపించుకోవడానికైతే వెళ్తోంది.

లెక్కలో ఎక్కనివాళ్ళు

ఒక కాయితం సరైతే ఏం ఒరుగుతుంది అంటారేమో. ఒమన్ చిన్న దేశం. ఇక్కడ క్యాన్సర్ రిజిస్ట్రీ 1985లో ఆస్పత్రి స్థాయిలో మొదలై, 1996 నుంచి దేశమంతటికీ అయింది. ఎక్కడ ఏది ఎక్కువో అంకెల్లో చూసుకోగలరు. మన దేశంలో 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలైనప్పుడు జనాభా లెక్కన చూసే రిజిస్ట్రీలు బెంగళూరు, బొంబాయి, మద్రాసుల్లో పెట్టారు. ప్రపంచ వైద్య పుస్తకాల్లో పేరున్న మన శ్రీకాకుళం ఆ మొదటి మూడింటిలో లేదు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మాత్రం మొదటి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఉంది, మహబూబ్‌నగర్, అనంతపురాలతోపాటు. అంతకుముందు ఊళ్ళోనే పుండుతో పోయిన పేదవాళ్ళు పెద్దాస్పత్రి గడప ఎక్కే దారి పడింది. అయితే అలాంటి పథకాల్లో కాయితం నడిచేది ప్యాకేజీ లెక్కన. ఏ ఆపరేషను, ఎంత డబ్బు అన్నది ముందు. జబ్బు ఎందుకొచ్చింది అన్నది అడిగేవాళ్ళ ఓపికని బట్టి.

జిల్లా పేరు కూడా నమ్మకంగా నిలబడదు. 1937లో రాసిన 'వైజాగపటం' జిల్లాలోంచి 1950లో శ్రీకాకుళం విడిపోయింది. 1979లో ఈ రెండింటి ముక్కలతో విజయనగరం వచ్చింది. 2022లో పార్వతీపురం మన్యం వచ్చింది. 1971 అధ్యయనంలో 'శ్రీకాకుళం' అంటే ఇవాళ్టి శ్రీకాకుళం కాదు. ఊరి పేరు రాయకుండా జిల్లా పేరు మాత్రమే రాసిన పాత కేస్ షీట్లని ఇవాళ పటం మీద పెట్టాలంటే కుదరదు. అందుకే ఊరి పేరు రాయడం కూడా వైద్యమే అంటాను నేను.

పదకొండో సవరణని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించింది, 2022 జనవరి నుంచి అమలు. అందులో ఒక ముఖ్యమైన అంకెకి తోకల్లా ఇంకొన్ని అంకెలు తగిలించి, ఏ వైపు, ఏ భాగం, ఏ కణం అని వివరంగా చెప్పే వీలుంది. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకది ముచ్చటే. అయితే ఎన్ని తోకలున్నా, ఎవరూ అడగని సంగతి అంకెలోకి రాదు.

అడ్డపొగ తాగే తరం తగ్గుతోంది. మా ఊళ్ళో నలభై లోపు ఆడవాళ్ళలో నాకు ఒక్కరు కనబడలేదు. మంచిదే. కాని ముప్పైనలభై ఏళ్ళు కాల్చిన మామ్మలు, పెద్దమ్మలు, పిన్నమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఆస్పత్రికెళ్తే పక్కన ఉండేది ఎవరో ఓ మనవరాలు. ఫోన్‌లో ఉండేది మస్కట్‌లోనో డాలస్‌లోనో ఉన్న మనం. కాబట్టి చదివేవాళ్ళకి నా మాట ఇది. మీ ఇళ్ళల్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు ఎలా కాలుస్తారో అడగండి, సిగ్గుపెట్టకుండా. అంగుట్లో ఎర్రగానో తెల్లగానో ఏమైనా ఉందేమో ఎవరినైనా లైటు వేసి చూడమనండి. రెండుమూడు వారాలైనా మానని పుండుంటే పళ్ళ డాక్టరు దగ్గరికి పంపండి, నాటువైద్యంతో కాలం గడపొద్దు. డాక్టరు దగ్గర నిప్పు లోపల పెట్టుకుంటుందన్న ముక్క చెప్పి, అది కాయితం మీద పడిందో లేదో చూడండి. బయాప్సీ రిపోర్టు అసలుది జాగ్రత్తగా దాచండి. ఆపరేషను అయి, వైద్యం పూర్తయ్యాక కూడా ఆ కాయితం అవసరమే. అప్పుడు సి05.0 పోయి 'గతంలో క్యాన్సర్ ఉండేది' అన్న జెడ్85 వస్తుంది, ఎక్కడ ఉండేదో చెప్పేది ఆ పాత రిపోర్టే.

వచ్చే నెల ఆ కుర్రాడు సెలవు మీద ఊరెళ్తున్నాడు. వాళ్ళమ్మకి పలక వదులైందట, కొత్తది చేయించాలి. ఇంకా ఏయే కాయితాలు పట్టుకెళ్ళాలో నన్ను రాసిమ్మన్నాడు. ఇవాళ రాత్రి కూర్చుని రాయాలి.